సాగర్ కట్టినవాళ్ల పేర్లేవి?

కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు పల్నాటి వీరారాధన జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అంటూ రోజుకొక ఘట్టం. పన్నెండో శతాబ్దంలో నాగులేటి ఒడ్డున నేలకొరిగిన వీరుల వారసులుగా చెప్పుకొనే ఆచారవంతులు ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో తమ ఇళ్లలో భద్రపరచుకున్న వీరుల ఆయుధాలు, అంటే కొణతాలు, పట్టుకుని వస్తారు. వాటిని నాగులేటి నీళ్లతో శుద్ధి చేసి, పసుపు కుంకుమలతో వీర్లగుడికి చేరుస్తారు. పంబ మోగుతుంటే వీరవిద్యావంతులు కథ ఎత్తుకుంటారు. బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుడితో ఆ కథ ఆగిపోదు. ఎవరి పక్కన ఎవరు నిలబడ్డారు, ఎవరు ముందు ఒరిగారు, ఎవరి ఆయుధం ఏ ఇంటి పేరువాళ్ల దగ్గర ఉంది అన్న వివరం తరం నుంచి తరానికి నోటి మీదుగానే అందుతూ వచ్చింది. మాల కన్నమదాసు లేకుండా ఆ కథ లేదు. కులాల తేడా లేకుండా కలిసి తినే చాపకూడు లేకుండా ఆ తిరునాళ్ల లేదు. ఎనిమిది వందల ఏళ్ల కిందట చనిపోయినవాళ్లను పేరుపేరునా పిలుచుకునే ఇంతటి పట్టింపు తెలుగునేల మీద మరో చోట కనపడదు.

అదే పల్నాడులో, కారంపూడి నుంచి బస్సెక్కితే రెండు మూడు గంటల్లో చేరుకునే చోట, మరో పెద్ద పని జరిగింది. అది జరిగి ఎనభై ఏళ్లు కూడా కాలేదు. 1955 డిసెంబరు 10న నందికొండ దగ్గర నాగార్జునసాగర్ ఆనకట్టకు జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్లు వదిలారు. ఈ రెండు తేదీల మధ్య వేలాది మంది ఆడా మగా రాయి కొట్టి, రాయి మోసి, రాయి పేర్చి కృష్ణకు అడ్డంగా దాదాపు కిలోమీటరున్నర పొడవున, 124 మీటర్ల ఎత్తున గోడ లేపారు. ప్రాజెక్టు కోసం పట్టుబట్టి పోరాడిన ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ పేరు మనకు తెలుసు. కానూరి లక్ష్మణరావు పేరు పిల్లలకు కూడా తెలుసు. చీఫ్ ఇంజనీరు మీర్ జాఫర్ అలీ పేరు కొద్దిమందికైనా గుర్తుంది. రాయి మోసినవాళ్లలో ఒక్కరి పేరు చెప్పండి అంటే మాత్రం, వాళ్ల సొంత ఇళ్లలో తప్ప బయట జవాబు దొరకదు.

శంకుస్థాపన నాటికి ఇరవై ఏళ్ల వయసున్నవాళ్లు ఇప్పుడు తొంభై పడిలో ఉన్నారు. నీళ్లు వదిలిన రోజు గట్టు మీద నిలబడి చూసిన పదేళ్ల పిల్ల ఇప్పుడు డెబ్బైకి దగ్గరపడిన నాయనమ్మ. ఇంకో పదేళ్లు ఊరుకుంటే అడగటానికి మనిషంటూ మిగలరు. పల్నాడు జిల్లా యంత్రాంగం, జలవనరుల శాఖ, పురావస్తు శాఖ, మన విశ్వవిద్యాలయాలు కలిసి చేయవలసిన పని ఒకటుంది: ఆనకట్ట కట్టినవాళ్ల పేర్లు, జ్ఞాపకాలు పోగుచేయడం. అది ఇప్పుడు తప్ప మరెప్పుడూ చేయలేనిది.

ముందు ఆనకట్ట కోసం పుట్టిన ఊరి సంగతి. ఆనకట్ట పనివాళ్ల కోసం, ఇంజనీర్ల కోసం కుడిగట్టున వెలసిన కాలనీకి విజయపురి సౌత్ అని పేరు పెట్టారు. మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి. ఆ రాజధాని ఉన్న కృష్ణా లోయలో శిథిలాలున్నాయని 1926లో గుర్తించింది శాసన పరిశోధన విభాగంలో తెలుగు సహాయకుడిగా పనిచేస్తున్న ఎ.ఆర్.సరస్వతి. ఆ తర్వాత లాంగ్‌హర్స్ట్, టి.ఎన్.రామచంద్రన్ తవ్వారు. ఆనకట్ట ఖాయమై లోయ మునిగిపోతుందని తేలాక, 1954 నుంచి 1960 దాకా ఆర్.సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో భారత పురావస్తు శాఖ నీళ్లతో పందెం వేసినట్టు తవ్వకాలు సాగించింది. స్తూపాలు, విహారాలు, స్నానఘట్టాలు, మెట్ల వరసల రంగస్థలం బయటపడ్డాయి. కొన్నింటిని రాయి రాయిగా విప్పి కొండ మీదికి, గట్టున ఉన్న అనుపుకు తరలించి మళ్లీ కట్టారు. కొన్నింటికి నమూనాలు చేసి పెట్టారు. నీళ్ల మధ్య ద్వీపంగా మిగిలిన నాగార్జునకొండ మీద 1966లో మ్యూజియం తెరిచారు. ఈజిప్టులో అబూసింబెల్ ఆలయాల తరలింపు గురించి ప్రపంచమంతా చెప్పుకుంటుంది. ఆ పని 1964లో గానీ మొదలుకాలేదు. అప్పటికి మనవాళ్లు తమ తరలింపును చాలా భాగం పూర్తిచేశారు. దీనికి మనం గర్వపడాలి, ఇంకా గట్టిగా చెప్పుకోవాలి.

ఆ తవ్వకాల్లో దొరికిన ఒక కోవ రాళ్ల దగ్గర మాత్రం కాస్త ఆగాలి. వాటిని ఛాయాస్తంభాలు అంటారు. చనిపోయినవాళ్ల గుర్తుగా, పేరు చెక్కి నిలబెట్టిన రాళ్లవి. రాజులకు, రాణులకు, యుద్ధంలో పోయిన సేనానులకు, సైనికులకు ఛాయాస్తంభాలు ఉన్నాయి. చేతిపనివాళ్లలో పెద్ద ఒకరికి కూడా ఒక స్తంభం ఉంది. పదిహేడు వందల ఏళ్ల కిందటి విజయపురి తన పనివాడి పేరును రాతి మీదికి ఎక్కించింది. ఆ రాయిని మనం మునగనివ్వకుండా కాపాడుకున్నాం. అదే సమయంలో, అక్కడికి కొద్ది దూరంలో, మన కాలపు పనివాళ్లు పైకి మోస్తున్న రాళ్ల మీద ఎవరి పేరూ పడలేదు.

మునిగిన లోయలో పుల్లారెడ్డిగూడెం లాంటి ఊళ్లు, తండాలు ఉండేవి. వాటిని విప్పి తీసుకెళ్లి మరో చోట అమర్చే విద్య ఏ శాఖ దగ్గరా లేదు. పరిహారం ఇచ్చారు, కొందరికి భూములిచ్చారు, మనుషులు చెల్లాచెదురయ్యారు. మ్యూజియంలో మునిగిన లోయ నమూనా ఒకటుంది. దాని ముందు నిలబడితే ఇక్ష్వాకుల కట్టడాలు ఎక్కడెక్కడ ఉండేవో చక్కగా తెలుస్తుంది. 1950ల్లో అక్కడ కాపురమున్న ఇల్లు ఏదో, బావి ఏదో చెప్పాలంటే ఆ ఊళ్లో పుట్టిన మనిషే ఉండాలి.

ఇక ఆనకట్ట దగ్గరికి వద్దాం. దాదాపు అదే కాలంలో సట్లెజ్ నది మీద భాక్రా కట్టారు. అది కాంక్రీటు ఆనకట్ట. హార్వే స్లోకమ్ అనే అమెరికన్ నిర్మాణ నిపుణుణ్ని పిలిపించి, భారీ యంత్రాలు తెప్పించి కట్టారు. సాగర్ దగ్గర దారి వేరు. విదేశీ మారకం కటకటగా ఉంది. సిమెంటు, ఉక్కు కొరత. పల్నాడు, నల్లగొండ కొండల్లో రాయికి కొదవ లేదు. వానలు లేక పనులు వెతుక్కునే జనానికీ కొదవ లేదు. అందుకే రాతికట్టుడు ఆనకట్ట అనుకున్నారు. ప్రపంచంలోని రాతి ఆనకట్టల్లో అతి పెద్దది అని పాఠ్యపుస్తకాల్లో మనం చదువుకున్న మాట వెనుక ఉన్న అసలు సంగతి ఇదే. ఇక్కడ యంత్రం చేయాల్సిన పనిలో అధిక భాగాన్ని మనిషి చేశాడు. కాబట్టి సాగర్ చరిత్ర అంటే ముందుగా కూలీల చరిత్రే. వాళ్లను పక్కనపెట్టి సాగర్ గురించి రాసేది ఎంతైనా సగమే అవుతుంది.

ఆ పని ఎలా ఉంటుందో రాతికట్టుడు చేసినవాళ్లను అడిగితే చెబుతారు. క్వారీలో రాయి వాటం చూసి ఉలి పెట్టాలి. వాటం తప్పితే రోజంతా కొట్టినా రాయి కోరిన చోట పగలదు. పగిలిన రాయిని దుడ్డుకర్రకు మోకు కట్టి ఇద్దరో నలుగురో అడుగు కలిపి మోయాలి. ఒకరి అడుగు తప్పితే మిగిలినవాళ్ల భుజం విరుగుతుంది. గోడ దగ్గర తాపీ మేస్త్రీ సిమెంటు మాలు పరిచి, దాని మీద రాయిని కూర్చోబెట్టి, సుత్తితో తడతాడు. కింద బోలు ఉంటే మోత మారుతుంది. అప్పుడు రాయిని లేపి మాలు నింపి మళ్లీ కూర్చోబెట్టాలి. సందుల్లో చిన్న రాళ్లు కూరాలి. ఈ మాలు తట్టలు పైకి చేర్చేది ఎక్కువగా ఆడవాళ్లు. ఆనాటి ఫొటోలు చూస్తే ఆనకట్ట ముఖం మీద కర్రలతో కట్టిన సారవలు, వాటి మీద ఏటవాలు దారులు, ఆ దారుల నిండా తట్టలు మోస్తూ ఒకరి వెనుక ఒకరు ఎక్కుతున్న మనుషులు కనిపిస్తారు. ఒక్క ముఖమూ గుర్తుపట్టేంత దగ్గరగా ఉండదు. గోడ పెరిగేకొద్దీ ఆ దారి పొడుగవుతూ పోయింది. తట్ట బరువు మాత్రం తగ్గలేదు.

వాళ్లు ఎక్కడివాళ్లు? వానకు మొహం వాచిన పాలమూరు (మహబూబ్‌నగర్) పల్లెల నుంచి గుంపులు గుంపులుగా వచ్చారు. దేశంలో పెద్ద ఆనకట్ట ఏది కట్టినా పాలమూరు కూలీ ఉంటాడన్న మాట ఊరికే పుట్టలేదు. తరతరాలుగా రాయితో, మట్టితో బతికిన వడ్డెరలు వచ్చారు. చుట్టుపక్కల తండాల నుంచి లంబాడీలు, పల్నాటి మెట్ట ఊళ్ల నుంచి పొలం ఎండిన రైతులు వచ్చారు. గుంపు మేస్త్రీ ముందుగా అడ్వాన్సు ఇచ్చి తీసుకొచ్చేవాడు. ఆ అప్పు తీరేదాకా కూలీ కదలడానికి లేదు. ఆడవాళ్లకు మగవాళ్ల కన్నా తక్కువ కూలీ ఇవ్వడం అప్పట్లో మామూలు. సమాన వేతన చట్టం 1976 దాకా రానే లేదు. గుత్త పనుల్లో కాగితం మీదికి ఎక్కేది మేస్త్రీ పేరు, గుంపులో తలల లెక్క. నామినల్ మస్టర్ రోల్ (ఎన్ఎంఆర్) మీద పనిచేసినవాళ్ల పేర్లు మాత్రం రాసుకున్నారు. ఆ మస్టర్లు, పని కొలతలు రాసిన ఎం-బుక్కులు ఈ చరిత్రకు దొరికే అతి దగ్గరి ఆధారాలు. గడువు తీరిన రికార్డు కింద అవి చెత్తకు పోకముందే వెతకాలి.

ఆనకట్ట ఫలితం ఏమిటో పల్నాడుకు వేరే చెప్పక్కర్లేదు. శ్రీనాథుడు ఈ సీమ జొన్నకూటి మీద, నీటి ఎద్దడి మీద చెప్పిన చాటువులు ఐదారు వందల ఏళ్లు మన వెంటపడ్డాయి. కుడి కాల్వ, అంటే జవహర్ కాల్వ, 203 కిలోమీటర్ల పొడవున పారాక ఆ చాటువులకు కాలం చెల్లింది. వరి వచ్చింది, మిరప విస్తరించింది, నరసరావుపేట, సత్తెనపల్లి, చిలకలూరిపేట వ్యాపారాలు ఎదిగాయి. వానాకాలంలో పొద్దున్నే పేపర్ తీసి సాగర్ నీటిమట్టం ఎన్ని అడుగులకు వచ్చిందో చూడని రైతు ఈ జిల్లాలో లేడు. నిండుమట్టం 590 అడుగులు అని పల్నాడులో చదువు రానివాళ్లు కూడా చెబుతారు. అయితే ఆనకట్ట ఉన్న జిల్లాలోనే ఎత్తు నేలలకు ఈ నీళ్లు అందలేదు. కాల్వ కిందికి పోతుంది, వెల్దుర్తి, బొల్లాపల్లి మెట్టలు పైన ఉండిపోయాయి. వరికపూడిశెల ఎత్తిపోతల కోసం అక్కడివాళ్లు దశాబ్దాలుగా అడుగుతున్నారు. రాళ్లు మోసిన చేతుల్లో కొన్ని ఆ ఊళ్లవే.

పని అయిపోయాక ఊరి సంగతేమిటి? ఇది ఇంకా పెద్ద ప్రశ్న. ఒక పని కోసం పుట్టిన ఊరు ఆ పని ముగిశాక ఎందుకు బతకాలి, ఎలా బతకాలి అన్న ఆలోచన ఆ కాలనీ గీసినవాళ్లకు లేదు. క్వార్టర్లు, ఆసుపత్రి, బడి, క్లబ్బు, వర్క్‌షాపు, గెస్ట్‌హౌస్ అన్నీ ప్రాజెక్టు లెక్కలోనివి. ఇంజనీర్లలో చాలామంది శ్రీశైలానికో మరో ప్రాజెక్టుకో బదిలీ అయ్యారు. గుంపు కూలీల్లో ఎక్కువమంది మేస్త్రీ వెంట తర్వాతి ఆనకట్టకు కదిలారు. మిగిలింది ప్రాజెక్టు పని ఖర్చులోంచి జీతం తీసుకునే వర్క్‌చార్జ్‌డ్ సిబ్బంది, గేట్లూ కాల్వలూ చూసుకునే లస్కర్లు, చిన్న దుకాణాలవాళ్లు, చేపలు పట్టేవాళ్లు, ఎక్కడికీ పోలేక అక్కడే గుడిసె వేసుకున్న కూలీలు. అక్కడి గురుకుల జూనియర్ కళాశాల ఏపీఆర్‌జేసీ వల్ల రెండు రాష్ట్రాల్లోని వేలమంది చదువుకున్నవాళ్లకు ఆ ఊరు పరిచయం. నాగార్జునకొండకు లాంచీ ఎక్కడానికి వచ్చే యాత్రికులకు పరిచయం. ఆ ఊరివాళ్లు మాత్రం యాత్రికులకూ పరిచయం కారు, విద్యార్థులకూ కారు.

క్వార్టర్ అంటే ఉద్యోగం ఉన్నంతకాలం ఉండే ఇల్లు. రిటైరైన మనిషి, ఆయన పోయాక ఆయన భార్య, ఆ తర్వాత కొడుకు అదే ఇంట్లో ఉంటే ఆ ఇల్లు ఎవరిది? రూలు ప్రకారం శాఖది. కప్పు కారితే శాఖ రాదు, ఎందుకంటే వాళ్లు ఉద్యోగులు కారు. సొంతంగా బాగుచేసుకుందామంటే బ్యాంకు అప్పివ్వదు, ఎందుకంటే పట్టా లేదు. అరవై ఏళ్లుగా ఒకే గడప దాటుతున్న మనిషికి ఆ గడప తనదని చెప్పే కాగితం లేకపోవడం ముసలితనంలో మామూలు కష్టం కాదు. ఇవాళో రేపో ఖాళీ చేయమంటారేమో అన్న బెదురుతో వయసు మళ్లడం ఎంత బరువో ఆ ఇళ్లలోకి వెళ్లినవాళ్లకు తెలుస్తుంది. వర్క్‌చార్జ్‌డ్, ఎన్ఎంఆర్ అన్న పేర్ల కింద ఏళ్ల తరబడి పనిచేసినవాళ్ల సర్వీసు లెక్కల తగాదాలు నీటిపారుదల శాఖలో అన్ని ప్రాజెక్టుల దగ్గరా ఉన్నవే. లెక్క కుదిరినవాళ్లకు పింఛను వచ్చింది. కుదరనివాళ్లు వృద్ధాప్య పింఛను మీద ఆధారపడ్డారు. 2024 జులై నుంచి అది నెలకు రూ.4,000 కావడం వాళ్లకు పెద్ద ఊరట. కానీ అది ముసలివాళ్లందరికీ ఇచ్చేది. సాగర్ కట్టినందుకు ఇచ్చింది కాదు.

ఇది ఒక్క విజయపురి సౌత్ సంగతి కాదు. 2011 జనగణన నాటికే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభాలో అరవై దాటినవాళ్లు దాదాపు పదో వంతు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో సంతాన సాఫల్య రేటు 1.7. అంటే పిల్లలు తగ్గుతున్నారు, పెద్దలు పెరుగుతున్నారు. చదువుకున్న పిల్లలు హైదరాబాదుకో, బెంగళూరుకో, అమెరికాకో వెళ్తుంటే ఇలాంటి చిన్న కాలనీలే ముందుగా ముసలివవుతాయి. జనాభా ముసలిదవడం గురించి రాష్ట్ర నాయకత్వం ఈ మధ్య తరచుగా మాట్లాడుతోంది. ఆ మాటల్లో ఎక్కువ భాగం ఇంకా పుట్టని పిల్లల గురించే. ఇప్పటికే ముసలివాళ్లయిన వాళ్ల దగ్గర ఏముందో కూడా మాట్లాడాలి.

మాచర్ల కూడా ఈ కథలోదే. గుంటూరు నుంచి వచ్చే రైలు మార్గానికి మాచర్ల కొస. 1958లో, సాగర్ పనులు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో, ఐసీఎస్ వదిలి పరిశ్రమల్లోకి వచ్చిన వెలగపూడి రామకృష్ణ స్థాపించిన కేసీపీ సంస్థ అక్కడ సిమెంటు కర్మాగారం పెట్టింది. సైరన్ మోతను బట్టి వంట చేసుకునే జీవితం పల్నాడుకు అలా పరిచయమైంది. దాచేపల్లి దగ్గర ఆంధ్రా సిమెంట్స్ వారి దుర్గా సిమెంటు వర్క్స్ ఇంకో దశ. ఆ కంపెనీ చేతులు మారింది, మూతపడింది, 2022లో దివాలా ప్రక్రియకు వెళ్లింది, 2023లో సాగర్ సిమెంట్స్ చేతికొచ్చింది. కర్మాగారానికి కొత్త యజమాని దొరకవచ్చు. మూతపడిన ఏళ్లలో అక్కడ పనిచేసిన మనుషులకు పోయిన వయసు తిరిగి రాదు. అమరావతి శిల్పాలకు వాడిన పల్నాటి సున్నపురాయే పిడుగురాళ్ల బట్టీల్లో కాలుతోంది, సిమెంటు కొలిముల్లో ఉడుకుతోంది. రాయి మీద ఇంతగా బతికిన జిల్లాకు రాయిపని చరిత్ర రాసుకోవలసిన అవసరం మరే జిల్లాకన్నా ఎక్కువ.

ఆనకట్టకూ వయసు మీద పడుతోంది. కట్టిన నాడు 408 టీఎంసీల జలాశయం. పూడిక వల్ల ఇప్పుడు లెక్క 312 టీఎంసీలే. 2021లో ఆనకట్టల భద్రతా చట్టం వచ్చింది. పాత ఆనకట్టల బాగోగులు ఎలా చూడాలన్నది దేశమంతా చర్చిస్తున్న విషయం. రాతికట్టుడు గోడ విషయంలో ఏ భాగం ఏ ఏడు కట్టారు, మాలు ఏ పాళ్లలో కలిపారు, ఎక్కడ పని మధ్యలో ఆగి మళ్లీ మొదలైంది అన్నవి పనికొచ్చే వివరాలు. వాటిలో కొన్ని డ్రాయింగుల్లో ఉంటాయి. కొన్ని పనిచేసినవాళ్ల బుర్రల్లోనే ఉంటాయి. జ్ఞాపకాలు పోగుచేయడం సాహిత్యం వాళ్ల సరదా అనుకునే ఇంజనీర్లు ఈ మాట ఆలోచించాలి.

2023 నవంబరు చివర్లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు రాత్రికి రాత్రి ఆనకట్ట మీదికి వచ్చి 26 గేట్లలో 13 గేట్ల వైపు తమ అధీనంలోకి తీసుకోవడం, ముళ్లకంచెలు వేయడం, చివరకు సీఆర్‌పీఎఫ్ దిగడం మనందరం టీవీల్లో చూశాం. తెలంగాణతో నీటి వాటాల తగాదా న్యాయమైనదే కావచ్చు, తేల్చుకోవాల్సిందే. కానీ ఆ గోడ కట్టేనాటికి పాలమూరు కూలీ ఎత్తిన రాయిని పల్నాటి మేస్త్రీ కూర్చోబెట్టాడు. శంకుస్థాపన నాటికి అవి రెండు రాష్ట్రాలు, ఆంధ్ర, హైదరాబాదు. రెండూ కలిసి మొదలుపెట్టిన పని అది. కట్టినవాళ్ల చరిత్ర రాయాలంటే ఇవాళ్టి సరిహద్దు దాటి నారాయణపేట, మహబూబ్‌నగర్ పల్లెలకూ వెళ్లాలి. ఎడమగట్టున హిల్ కాలనీ, పైలాన్ కాలనీల్లో, అంటే ఇప్పటి నందికొండ మున్సిపాలిటీలో, కూడా తలుపు తట్టాలి. ఈ ఒక్క పనిలోనైనా రెండు రాష్ట్రాలు కాగితాలు పంచుకోవడానికి అభ్యంతరం ఉండకూడదు.

ఇలాంటి ఊళ్లు మరోచోట ఏమయ్యాయో చూడటం మంచిది. అమెరికాలో హూవర్ ఆనకట్ట కట్టడానికి 1931లో నెవాడా ఎడారిలో బౌల్డర్ సిటీ అనే ఊరు కట్టారు. అదీ ప్రభుత్వపు ఊరే. ఇళ్లూ నేలా ప్రభుత్వానివే. నల్లవారిని ఆ ఊళ్లో ఉండనివ్వని దుర్మార్గం కూడా ఆ చరిత్రలో ఉంది. పని 1930ల్లోనే అయిపోయింది. ఊరు మిగిలింది. 1958లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి, 1960 నాటికి దాన్ని సొంత పాలన ఉన్న పట్టణంగా మార్చింది. ఇళ్లు కొనుక్కునే హక్కు నివాసులకు వచ్చింది. ఇప్పుడు అక్కడ ఒక మ్యూజియం ఉంది. యంత్రాల కన్నా ఎక్కువగా పనికోసం ఎడారి దారి పట్టిన కుటుంబాల బతుకులు అందులో కనిపిస్తాయి. పనివాళ్లు, వాళ్ల భార్యలు, పిల్లలు చెప్పిన మాటల్ని రికార్డు చేసి దాచారు. డబ్బున్న దేశం కాబట్టి చేసింది అని మనం తప్పించుకోనక్కర్లేదు. చట్టం చేయడానికి, మాట వినడానికి పెద్దగా డబ్బు అక్కర్లేదు.

వినడం ఎలాగో పల్నాడు చూసింది కూడా. 1970ల్లో జీన్ రోఘైర్ అనే అమెరికన్ పరిశోధకుడు ఇక్కడికి వచ్చి, అలిశెట్టి గాలెయ్య అనే మాల గాయకుడు పాడిన పల్నాటి వీరుల కథను టేపుల మీదికి ఎక్కించుకున్నారు. 1982లో దాన్ని అనువదించి, చర్చించి, ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా తెచ్చారు. గాలెయ్య పేరు అలా ప్రపంచంలోని గ్రంథాలయాలకు చేరింది. ఒక్క మనిషి, ఒక టేపు రికార్డరు, ఓపిక. అంతే కావలసింది. ఇవాళ ప్రతి డిగ్రీ విద్యార్థి జేబులో అంతకన్నా మంచి రికార్డరు ఉంది.

అయితే ఏం అడగాలో తెలిసి అడగాలి. 'ఆనకట్ట ఎలా కట్టారు తాతా' అంటే సమాధానం రెండు వాక్యాల్లో అయిపోతుంది. ఏ ఊరి నుంచి వచ్చారు, ఏ మేస్త్రీ గుంపు, అడ్వాన్సు ఎంత, అది ఎన్నాళ్లకు తీరింది, రోజుకూలీ ఎంత, వారం బట్వాడా ఎక్కడ ఇచ్చేవారు అని అడగాలి. అమ్మమ్మల్ని వేరుగా కూర్చోబెట్టి అడగాలి: గుడిసెల్లో పురుడు పోసింది ఎవరు, బిడ్డను ఎక్కడ పడుకోబెట్టి తట్ట ఎత్తారు, మీ కూలీ మీ చేతికే ఇచ్చారా? పని మీద చనిపోయినవాళ్ల పేర్లు, ఊళ్లు, ఏ పనిలో పోయారో అడగాలి. ఏ పాట పాడుకుంటూ రాయి లాగారో పాడించుకోవాలి. మునిగిన ఊళ్లవాళ్లను లోయ నమూనా ముందుకు తీసుకెళ్లి, ఇల్లు ఎక్కడుండేదో వేలు పెట్టి చూపించమనాలి. మాచర్ల, గురజాల, నరసరావుపేట డిగ్రీ కాలేజీల చరిత్ర విద్యార్థులకు దీన్ని ప్రాజెక్టుగా ఇవ్వవచ్చు. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం ఆ పేరు పెట్టుకున్నందుకైనా ఈ పనికి బాధ్యత తీసుకోవాలి.

కొందరు అంటారు, బతికున్న ముసలివాళ్లకు మందులు, ఇల్లు కావాలి, జ్ఞాపకాలు ఎందుకని. రెండూ ఒక పనిలో భాగాలే. మస్టర్ రోల్ వెతికితే పేరు దొరుకుతుంది. పేరు దొరికితే సర్వీసు రుజువవుతుంది. సర్వీసు రుజువైతే ఇంటి మీద, పింఛను మీద అడిగే మాటకు బలం వస్తుంది. విజయపురి సౌత్‌లో ఎవరు ఏ ఇంట్లో ఎన్నాళ్లుగా ఉంటున్నారో ఇంటింటి సర్వే చేసి, ప్రాజెక్టు అవసరాలకు కావలసినవి మినహాయించి మిగిలిన ఇళ్లకు పట్టాలు ఇవ్వడానికి ప్రభుత్వం ఒక గడువు పెట్టాలి. పట్టా భార్యాభర్తలిద్దరి పేరున, భర్త పోయినచోట భార్య పేరున ఉండాలి. 2022 ఏప్రిల్ 4న పల్నాడు సొంత జిల్లా అయ్యింది. ఇదివరకు గుంటూరు దూరమని చెప్పిన సాకు ఇప్పుడు జిల్లా కేంద్రమైన నరసరావుపేట నుంచి చెప్పడానికి లేదు.

పోగుచేసిన జ్ఞాపకాలకు నాగార్జునకొండ మ్యూజియంలో చోటివ్వమంటే, పురావస్తు శాఖకు తన పరిధి తనకుంటుంది. 1960 దాకా తవ్విన దాన్ని చూపించడమే తన పని అనవచ్చు. అప్పుడు కుడిగట్టునే, లాంచీ స్టేషన్‌కు వచ్చే యాత్రికులు తప్పక దాటే చోట, వాడకుండా వదిలేసిన ప్రాజెక్టు భవనం ఒకటి తీసుకుంటే చాలు. సుత్తి, ఉలి, మోకు, తట్ట, ఆనాటి ఫొటోలు, మస్టర్ల నకళ్లు, రికార్డు చేసిన గొంతులు అందులో పెట్టాలి, దొరికిన పేర్లన్నీ గోడ మీద రాయాలి. మొదట యాభై పేర్లే దొరకవచ్చు. ఆ యాభై చూసినవాళ్లు తమ తాత పేరు, నాయనమ్మ పేరు చెప్పడానికి వస్తారు. ఆ భవనం గుర్తించడానికి కలెక్టర్ సంతకం చాలు. రికార్డు గదులు తెరవడానికి జలవనరుల శాఖ కార్యదర్శి ఉత్తర్వు చాలు. తొంభై ఏళ్లవాళ్ల జాబితా ఇప్పటికే గ్రామ సచివాలయాల పింఛను రిజిస్టర్లలో ఉంది. మొదటి ఇంటర్వ్యూలు అక్కడి నుంచే మొదలుపెట్టాలి, వయసులో అందరికన్నా పెద్దవాళ్లతో.